దిద్దని నోటుబుక్కులు: హైదరాబాద్ హైస్కూళ్లలో కరోనా ఏళ్ల లెక్క

2020 మార్చి 16, సోమవారం నాడు హైదరాబాద్ బడుల్లో గంట మోగలేదు. కరోనా వల్ల నెలాఖరు దాకా బడులు మూసేయాలని రాష్ట్ర ప్రభుత్వం అంతకు ముందు శనివారమే తేల్చేసింది. టెన్త్ పరీక్షలు మాత్రం ఆగవన్నారు. మార్చి 19న మొదలుపెట్టి మూడు పేపర్లు పెట్టారు కూడా. ఈలోగా హైకోర్టు వాయిదా వేయమంది, వెంటనే దేశమంతా లాక్‌డౌన్ వచ్చిపడింది. మిగతా పేపర్లు ఇక జరగనే లేదు.

ఆ ఏడాది టెన్త్ పిల్లల గురించి చాలానే చర్చ జరిగింది. కానీ హైస్కూలు చదువుకు తగిలిన దెబ్బ ఎంత లోతుదో తెలియాలంటే వాళ్లకన్నా రెండేళ్లు చిన్నవాళ్లను, అంటే అప్పటి ఎనిమిదో తరగతి వాళ్లను పట్టుకోవాలి. స్టేట్ సిలబస్ బడుల్లో వాళ్లకు 2020 ఏప్రిల్‌లో జరగాల్సిన పరీక్ష జరగలేదు, అందరినీ తొమ్మిదిలోకి పంపేశారు. తొమ్మిదో తరగతిలో వాళ్లు బడి గదిలో కూర్చున్నది 2021 ఫిబ్రవరి 1 నుంచి మార్చి 23 దాకా. ఆదివారాలు కూడా కలుపుకుంటే 51 రోజులు. మళ్లీ పరీక్ష లేకుండానే టెన్త్‌లోకి వచ్చారు. టెన్త్ గదిలో అడుగుపెట్టింది సెప్టెంబర్ 1న. 2022 మే 23న పబ్లిక్ పరీక్షకు కూర్చున్నారు. అంటే 2019 వేసవిలో ఏడో తరగతి పరీక్ష రాసిన పిల్లలకు, ఆ తర్వాత ఎదురైన మొదటి సంవత్సరాంత పరీక్ష టెన్త్ పబ్లిక్కే.

ఈ మధ్యలో వాళ్లకు పాఠాలు అందలేదా అంటే, చాలామందికి ఏదో ఒక రూపంలో అందాయి. టీవీలో వచ్చాయి, ఫోన్లో వచ్చాయి, వాట్సాప్‌లో పీడీఎఫ్‌లుగా వచ్చి పడ్డాయి. అప్పటి చర్చంతా అక్కడే తిరిగింది: ఎంతమందికి ఫోన్ ఉంది, ఎంతమందికి నెట్ ఉంది, ఎన్ని చాప్టర్లు అయ్యాయి. పాఠం చేరవేయడమే బడి పని అనుకుంటే ఆ లెక్కలు సరిపోతాయి. ఆ రెండేళ్లలో బడి చేయలేకపోయిన పెద్ద పని మాత్రం వేరే ఉంది. దిద్దడం.

తెలుగునాట చదువు మొదలయ్యేదే ఆ మాటతో. పలక మీద పెద్దవాళ్లు రాసిచ్చిన అక్షరం మీదే పదేపదే బలపం తిప్పడమూ దిద్దడమే, పదేళ్ల తర్వాత సారు ఎర్ర పెన్నుతో లెక్కలో తప్పిన మెట్టు చుట్టూ సున్నా చుట్టడమూ దిద్దడమే. రెండింటికీ ఒకే మాట ఉండటం ఊరికే జరగలేదు. పిల్ల రాస్తుంటే పక్కన ఇంకొకరి కన్ను ఉండాలన్నది రెండింట్లోనూ ఉంది. ఆ కన్ను తెర దాటి రాలేకపోయింది.

ఆ తెర కూడా అందరికీ ఒకేలా అందలేదు. ప్రైవేటు బడులు చాలావరకు 2020 జూన్ నుంచే ఆన్‌లైన్‌కు దిగాయి. కొన్నయితే ఉదయం ప్రేయర్ నుంచి చివరి పీరియడ్ దాకా బడి టైమ్‌టేబుల్‌నే యథాతథంగా ఫోన్ మీదకు ఎక్కించాయి. జులైలో కేంద్రం 'ప్రజ్ఞత' పేరుతో మార్గదర్శకాలిచ్చింది. ఎనిమిదో తరగతి దాకా రోజుకు రెండు క్లాసులు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు, అంతకు మించొద్దన్నారు. ప్రభుత్వ బడుల్లో డిజిటల్ పాఠాలు సెప్టెంబర్ 1న మొదలయ్యాయి, రాష్ట్ర ప్రభుత్వ టీశాట్ చానళ్లలో, దూరదర్శన్ యాదగిరిలో. అంటే ఒకే గల్లీలో పక్కపక్క ఇళ్లలో ఉన్న ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లల మధ్య మూడు నెలల తేడా మొదట్లోనే వచ్చేసింది.

హైదరాబాద్ కదా, ఇక్కడ ఫోన్లకూ నెట్‌కూ ఏం కొదవ అన్న మాట అప్పట్లో గట్టిగానే వినిపించింది. హైటెక్ సిటీ ఉన్న ఊరు కాబట్టి ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది. కానీ బోరబండలోనో జగద్గిరిగుట్టలోనో ఒక గది ఇంట్లో ఉండే ఫోన్ సంగతి వేరు. అది ఇంటి ఫోను, తండ్రి పని ఫోను కూడా. ఆటో నడిపేవాడికి బుకింగ్ అందులోనే వస్తుంది. అడ్డా మీద నిలబడే మేస్త్రీకి పిలుపు అందులోనే వస్తుంది. డెలివరీ పని చేసేవాడికైతే ఫోన్ లేకపోతే ఆ రోజు కూలీ లేదు. తండ్రితో పాటు ఫోన్ పొద్దున ఏడింటికి బయటికి పోతుంది, రాత్రి తిరిగొస్తుంది. క్లాసేమో తొమ్మిదింటికి. ఇంట్లో తొమ్మిదో తరగతి, ఏడో తరగతి ఇద్దరుంటే, ఉన్న కాసేపూ ఫోన్ ఎవరి చేతికి రావాలన్నది ఇంకో పంచాయితీ. చాలా ఇళ్లలో అది అన్న చేతికే వెళ్లింది, చెల్లెలు వంటింటి పనిలోకి వెళ్లింది.

2021 నవంబర్ 12న దేశమంతా జరిగిన జాతీయ సాధన సర్వేలో, ఇంట్లో డిజిటల్ పరికరమే లేదని 24 శాతం మంది పిల్లలు చెప్పారు. పెద్ద సంఖ్యే. కానీ నగరం సంగతి ఆ ప్రశ్నకు పూర్తిగా చిక్కదు. ఇంట్లో ఫోన్ ఉందా అని అడిగితే జగద్గిరిగుట్ట పిల్ల ఉందనే చెబుతుంది. పొద్దున తొమ్మిదింటికి ఉంటుందా అని అడిగితేనే అసలు జవాబు వస్తుంది. పల్లెలో సిగ్నల్ కోసం చెట్టెక్కిన పిల్లల ఫోటోలు పేపర్లలో వచ్చాయి. ఫోన్ కోసం తండ్రి రాక చూస్తూ గడప మీద కూర్చున్న పిల్లను ఫోటో తీయడానికేముంది, అందులో వింత కనపడదు.

టీచర్లు దీన్ని త్వరగానే పసిగట్టారు. కొన్ని బడుల్లో క్లాసులు సాయంత్రానికి మార్చారు. పొద్దున చెప్పిన పాఠాన్ని రికార్డు చేసి వాట్సాప్ గ్రూపులో పెడితే పిల్లలు రాత్రి తొమ్మిదికో పదికో చూసుకునేవారు. ఆ వేళకు డేటా అయిపోయి ఉండేది, లేదంటే ఫోన్లో చోటు నిండిపోయి వీడియో దిగేది కాదు. జగదీశ్ మార్కెట్‌లో పాత ఫోన్లు, పార్క్‌లేన్‌లోని సీటీసీలో పాత ల్యాప్‌టాప్‌లు వెతుక్కున్న తల్లిదండ్రులకు ర్యామ్ ఎంత, స్టోరేజీ ఎంత అన్నది ఆ ఏడాదే నోటికొచ్చింది. అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు టోలిచౌకి నదీమ్ కాలనీ లాంటి చోట్ల ఇళ్లు మునిగినప్పుడు పుస్తకాలూ ఫోన్లూ కలిసి నీళ్లపాలయ్యాయి. ఆన్‌లైన్ చదువుకు బడి బల్ల ఇంట్లోనే ఉంటుంది, ఇల్లు మునిగితే బడీ మునుగుతుంది.

టీవీ పాఠాల మీద అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. నిజానికి అందిన వాటిలో అన్యాయం తక్కువ చేసింది అదే. టీవీ ఎవరి వెంటా పనికి పోదు, రీచార్జ్ అడగదు, ఇంట్లో అందరికీ కనపడేంత పెద్దగా ఉంటుంది. టీవీ లేని పిల్లలను దగ్గర్లో ఉన్న ఇంటికి జతచేయమని టీచర్లకు చెప్పారు, వర్క్‌షీట్లు ఇచ్చారు, పాఠం చూశారో లేదో ఫోన్ చేసి కనుక్కోమన్నారు. లోపం మరోచోట ఉంది. రాష్ట్రమంతటికీ ఒకే పాఠం. ఇంట్లో ఉర్దూనో హిందీనో మరాఠీనో మాట్లాడే హైదరాబాద్ పిల్ల అర్థం కాక మొహం ముడిస్తే ఆపి మళ్లీ చెప్పేవాళ్లు టీవీలో ఉండరు. 'అర్థమైందా?' అని అడిగి, జవాబు కోసం రెండు సెకన్లు ఆగి ముందుకు పోయే రికార్డు పాఠం చూడటానికి కాస్త నవ్వొచ్చేదే.

సొంత ఫోనూ నెట్టూ ఉన్న ఇళ్లలో ఆన్‌లైన్ క్లాసులు మరో రకంగా దారి తప్పాయి. మొదటి నెల ఉత్సాహం ఉంది. తర్వాత వీడియోలు ఒక్కొక్కటే ఆగిపోయాయి, డేటా ఖర్చు అని ఒకరు, ఇల్లు కనపడుతుందని ఒకరు. 'సార్, వినిపిస్తలేదు', 'మేడం, నెట్ పోయింది' అన్న రెండు వాక్యాలు నిజానికీ సాకుకీ ఒకేలా పనికొచ్చాయి. హాజరు పిలిస్తే తెర మీద అమ్మ పేరో, నాన్న దుకాణం పేరో, ఫోన్ కంపెనీ మోడల్ నంబరో కనపడేది. కొత్తగా చేరిన పిల్లలను టీచర్లు ఏడాది పాటు ఆ పేర్లతోనే ఎరుగుదురు.

ఇక నోటుబుక్కులు. హైస్కూలు టీచరు రోజులో సగం పని కంటికి కనపడనిది. లెక్క బోర్డు మీద వేసి, మీరు చేయండి అని చెప్పి, బెంచీల మధ్య పది నిమిషాలు తిరుగుతాడు. ఆ పది నిమిషాల్లో నలభై పుస్తకాలు చూస్తాడు. మైనస్ మూడు వర్గం, కుండలీకరణంలో పెట్టిన మైనస్ మూడు వర్గం ఒకటే అనుకున్న పిల్లాడి భుజం మీద వేలితో తడతాడు. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్‌కు ఏ స్క్వేర్ ప్లస్ బీ స్క్వేర్ అని రాసిన నలుగురిని ఒకేసారి పట్టుకుంటాడు, వెంటనే బోర్డు దగ్గరికి వెళ్లి అందరికీ మళ్లీ చెబుతాడు. ఎవరు తప్పు చేస్తున్నారో చూసి దాన్నిబట్టి మరుసటి నిమిషంలో ఏం చెప్పాలో తేల్చుకోవడం అతనికి అలవాటు. ఆ అలవాటుకు ఏ శిక్షణలోనూ గట్టి పేరు పెట్టలేదు కాబట్టి, ఆన్‌లైన్‌కు మారేటప్పుడు అది పోతోందని కూడా ఎవరూ గమనించలేదు.

దాని బదులు ఫోటోలు వచ్చాయి. హోంవర్క్ ఫోటో తీసి గ్రూపులో పెట్టమన్నారు. నలభై మంది నాలుగు పేజీలు పెడితే నూట అరవై ఫోటోలు, అదీ ఒక్క సబ్జెక్టుకు, ఒక్క సెక్షన్‌కు. వంకరగా, నీడ పడి, సగం తెగిపోయి ఉంటాయవి. ఆరంగుళాల తెర మీద పెద్దది చేసి చూసి తప్పు దిద్దడం మనిషి వల్ల అయ్యే పని కాదు. కాబట్టి బొటనవేలు బొమ్మ పెట్టారు. ఎర్ర పెన్ను టిక్కుకు అది వారసురాలైంది. టిక్కు పెట్టాలంటే కనీసం పేజీ చూడాలి, బొటనవేలికి ఆ పట్టింపు కూడా లేదు. ఇందులో టీచర్లను తప్పుబట్టడం న్యాయం కాదు. పిల్లలు మాత్రం త్వరగా నేర్చుకున్నారు: ఒక స్నేహితురాలి పేజీ ఫోటో నలుగురికి చేరేది, నలుగురూ చూసి రాసేవారు, కొందరు అదీ లేకుండా ఫోటోనే పంపేవారు. తప్పులు ఎవరి కంటా పడకుండా ఏడాదిన్నర గట్టిపడ్డాయి. తెలుగులో వత్తులు, ఇంగ్లిష్‌లో స్పెల్లింగులు, లెక్కల్లో గుర్తులు, సైన్స్ బొమ్మల్లో భాగాల పేర్లు, అన్నిటిలోనూ ఇదే వరస.

అదే సమయంలో దిద్దే చేతులే తగ్గిపోయాయి. 2020 ఏప్రిల్‌లో ప్రభుత్వం జీవో 46 ఇచ్చింది. ఆ విద్యా సంవత్సరానికి ప్రైవేటు బడులు ఫీజు పెంచొద్దు, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలనెలా తీసుకోవాలి అని. దాన్ని ఎవరు ఎంత పాటించారన్న గొడవ ఏడాదంతా సాగింది. ఫీజు కట్టలేదని పిల్లాడిని ఆన్‌లైన్ క్లాసులోంచి తీసేసిన బడులున్నాయి, స్థోమత ఉండి కూడా కట్టని ఇళ్లూ ఉన్నాయి. ఈ ఇద్దరి మధ్య నలిగింది చిన్న బడుల టీచర్లు. మూడంతస్తుల అద్దె ఇంట్లో నడిచే బడ్జెట్ స్కూలుకు అద్దె ఆగదు, ఫీజు ఆగుతుంది, జీతం ఆగుతుంది. ఎమ్మెస్సీ, బీఈడీ చదివి కూరగాయల బండి పెట్టుకున్నవాళ్లు, ఉపాధి హామీ పనికి పోయినవాళ్లు వార్తల్లోకెక్కారు. 2021 ఏప్రిల్‌లో ప్రైవేటు టీచర్లకూ సిబ్బందికీ నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. అవసరానికి ఆదుకుందన్నది నిజం. కానీ అప్పటికే వేరే పనిలో కుదురుకున్నవాళ్లు చాలామంది బడికి తిరిగి రాలేదు. బడులు తెరిచాక పిల్లలకు కనపడింది చాలాచోట్ల కొత్త మొహాలే. ఎవరికి ఎక్కడ తడబాటు ఉందో ఎరిగిన పాత సారు పోయాడు, కొత్త సారుకు పిల్లలూ తెలియదు, ఏడాదిన్నర తప్పులూ తెలియవు.

పిల్లలూ చోటు మారారు. 2021 జూన్ తర్వాత ఫీజు భారం మోయలేని ఇళ్లు ప్రభుత్వ బడి వైపు చూశాయి. బాకీ కట్టేదాకా టీసీ ఇవ్వమని కొన్ని ప్రైవేటు బడులు పట్టుబట్టాయి. నగరంలో ప్రభుత్వ హైస్కూళ్లకు అసలే గదుల కరువు, కొన్నిచోట్ల ఒకే ఆవరణలో రెండు బడులు. చేరిన పిల్లలకు సంతోషించాలో, ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక తల పట్టుకోవాలో అర్థం కాని పరిస్థితి హెడ్‌మాస్టర్లది.

బడి తిరిగి తెరవడాన్ని అందరూ ఒక్క రోజు సంగతిలా చెప్పుకుంటారు. హైదరాబాద్ హైస్కూలు మూడుసార్లు తెరుచుకుంది. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు, అదే నెల 24 నుంచి ఆరు, ఏడు, ఎనిమిదికి. తల్లిదండ్రుల అంగీకార పత్రం తెస్తేనే లోపలికి. బెంచీకి ఒకరు, గేటు దగ్గర శానిటైజర్, నుదుటి మీద థర్మామీటర్. మార్చి 24న రెండో అల భయంతో మళ్లీ మూత. ఆ వేసవి హైదరాబాద్‌కు ఎలా గడిచిందో చెప్పక్కర్లేదు. ఇళ్లలో పెద్దవాళ్లను పోగొట్టుకున్న పిల్లలు చాలా క్లాసుల్లో ఉన్నారు. జులై 1న ఆన్‌లైన్ మళ్లీ మొదలైంది. రెండోసారి సెప్టెంబర్ 1న తెరిచారు. ముందురోజే హైకోర్టు, రావాల్సిందేనని ఏ పిల్లనూ బలవంతపెట్టొద్దని చెప్పింది, గురుకులాలను ఆపింది. దాంతో కొన్ని క్లాసుల్లో సగం మంది గదిలో, సగం మంది ఫోన్లో. టీచరు బోర్డు వైపు తిరిగితే ఫోన్ వాళ్లకు కనపడదు, ఫోన్ వైపు తిరిగితే గదిలో వాళ్లు కబుర్లు. ఆ కొన్ని వారాలు ఆన్‌లైన్‌కన్నా కష్టమైనవని టీచర్లు అనేవారు. నమ్మదగిన మాటే. 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చింది. సంక్రాంతి సెలవులు జనవరి 30 దాకా సాగాయి, ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు 24 నుంచి మళ్లీ తెర. ఫిబ్రవరి 1న మూడోసారి తెరిచారు, ఆ తర్వాత కరోనా పేరుతో మూయలేదు.

ఈసారి తల్లిదండ్రుల భయం తగ్గడానికి టీకా కూడా ఒక కారణం. 15 నుంచి 18 ఏళ్ల వాళ్లకు జనవరి 3 నుంచి కోవాగ్జిన్, 12 నుంచి 14 ఏళ్ల వాళ్లకు మార్చి 16 నుంచి కోర్బెవాక్స్ వేశారు. రెండూ హైదరాబాద్ కంపెనీలవే, ఒకటి భారత్ బయోటెక్, ఇంకొకటి బయోలాజికల్ ఇ. బడిని రెండుసార్లు తెరిచి మూసుకున్న ఊరే దేశంలోని పిల్లలందరికీ టీకా పంపింది.

తిరిగొచ్చిన పిల్లలు ఎలా ఉన్నారన్నదే టీచర్లను అన్నిటికన్నా తికమకపెట్టింది. పాఠాలు మర్చిపోయి ఉంటారని అనుకున్నారు, ఆ సంగతి ఊహించిందే. కూర్చోవడం మర్చిపోయారు. నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో ఇరవై నిమిషాలకే చేతులు జేబులో ఫోన్ కోసం తడుముకునేవి. రాయమంటే అర పేజీకి వేళ్లు నొప్పి అనేవారు. యూనిఫాం పొట్టిదయింది, బూట్లు పట్టలేదు, వెనక బెంచీలో కూర్చున్న కొందరికి బోర్డు కనపడటం లేదని అప్పుడు బయటపడింది. 2020లో ఆరో తరగతిలో చేరిన వాళ్లయితే ప్రైమరీ నుంచి హైస్కూలుకు వచ్చామన్న సంగతే ఎరగరు. హైస్కూలు గడప తొక్కిన నెల రోజులకే మళ్లీ ఇంటికి పంపారు. రెండోసారి వచ్చేసరికి ఏడో తరగతి, పక్క పిల్ల పేరు తెలియదు. నోరు మెదపని పిల్లలు కొందరు, ఏదడిగినా కసిరే పిల్లలు కొందరు. మగపిల్లల్లో కొందరు అప్పటికే మెకానిక్ షెడ్డులోనో కిరాణా కొట్లోనో చేతికి డబ్బు చూసి ఉన్నారు, బడి వాళ్లకు చిన్నదిగా కనపడింది. హైస్కూలు దాకా సన్నబియ్యంతో మధ్యాహ్న భోజనం పెట్టే రాష్ట్రం కాబట్టి ప్రభుత్వ బడులకు ఆ పూట తిండి కోసమైనా వచ్చినవాళ్లున్నారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, బడి చేసే పనుల్లో అదొకటి.

ఈ పిల్లలను కుదురుగా కూర్చోబెట్టి, పాత తప్పులు వెతికి దిద్దడానికి ఏడాది కావాలి. దొరికింది పరీక్షల టైమ్‌టేబుల్. ఇక్కడే వ్యవస్థ చేసిన పొరపాటు కనపడుతుంది. పరీక్ష పెట్టలేని పరిస్థితిలో మార్కులు ఎలా ఇవ్వాలా అని ఆలోచించారు తప్ప, ఆ మార్కులు ఏం చెబుతాయన్నది ఆలోచించలేదు.

2020లో మూడు పేపర్లతో ఆగిపోయిన టెన్త్ పిల్లలు 5,34,903 మందిని బడిలోనే పెట్టిన ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల మార్కులనుబట్టి గ్రేడ్లు ఇచ్చి పాస్ చేశారు. అప్పటికి అంతకన్నా దారి లేదు, పైగా ఆ ఎఫ్ఏలు మామూలు రోజుల్లో జరిగినవి. 2021లో సంగతి వేరు. పదకొండు పేపర్లను ఆరుకు తగ్గించి పరీక్ష పెడదామనుకుని, ఏప్రిల్‌లో అదీ రద్దు చేశారు. ఏడాది మొత్తం మీద చేతిలో ఉన్నది ఒక్క ఎఫ్ఏ మాత్రమే. దాన్నిబట్టే గ్రేడ్లు. సుమారు 5.21 లక్షల మందిలో 2.10 లక్షల మందికి 10కి 10 జీపీఏ వచ్చింది. అయిదుగురిలో ఇద్దరు! స్వీట్లు పంచుకున్న ఇళ్లను తప్పుపట్టలేం. కానీ తొమ్మిదో తరగతి చివర నుంచి సరిగ్గా దిద్దుబాటు దొరకని పిల్లకు, నీకు ఎక్కడా తప్పు లేదని ప్రభుత్వ ముద్రతో కాగితం అందినట్టయింది.

ఆ కాగితం విలువ ఎంతో 2020 టెన్త్ పిల్లలు ఇంటర్‌లో తెలుసుకున్నారు. ఫస్టియర్ అంతా దాదాపు ఆన్‌లైన్‌లో చదివారు, పరీక్ష లేకుండా సెకండియర్‌కు వెళ్లారు. తీరా సెకండియర్ చదువుతుండగా 2021 అక్టోబర్ 25 నుంచి ఫస్టియర్ పరీక్షలు పెట్టారు. డిసెంబర్‌లో ఫలితాలొస్తే పాసైంది 49 శాతం. టెన్త్‌లో నూటికి నూరు మంది పాసైన బ్యాచ్ అది. కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు, రోడ్ల మీద ధర్నాలు జరిగాయి. ఎనిమిది రోజులకే, డిసెంబర్ 24న, ఫెయిలైన వాళ్లందరికీ 35 మార్కులు వేసి పాస్ చేస్తున్నట్టు విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి ప్రకటించారు. ఆ టెన్షన్‌లో ప్రభుత్వం వేరే ఏం చేయగలిగేదన్నది వాదించుకోవచ్చు. ఒకే బ్యాచ్‌కు రెండేళ్లలో అందరూ పాస్, సగం మంది ఫెయిల్, మళ్లీ అందరూ పాస్ అని మూడు తీర్పులొచ్చాయి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఏ పిల్లకు ఏమొచ్చో, ఏం రాదో చెప్పలేదు.

మొదట చెప్పుకున్న ఎనిమిదో తరగతి పిల్లల దగ్గరికి వస్తే, 2022 మేలో వాళ్లకు ఆరు పేపర్లు, 70 శాతం సిలబస్, ప్రశ్నల్లో ఎక్కువ ఛాయిస్ ఇచ్చారు. రాయడానికి అరగంట ఎక్కువ కూడా ఇచ్చారు. వేళ్ల నొప్పి సంగతి పై దాకా చేరిందన్నమాట. రాష్ట్రంలో 90 శాతం పాసయ్యారు. మామూలుగా జరిగిన చివరి టెన్త్ 2019లోది, అప్పుడు 92.43. పెద్దగా దిగలేదనిపిస్తుంది. హైదరాబాద్ జిల్లా వరస చూస్తే మాత్రం 2019లో 83.09, 2022లో 79.63, రెండేళ్లూ రాష్ట్రంలో ఆఖరి స్థానమే. అంటే నగరం వెనకబాటు కరోనా తెచ్చింది కాదు, ముందు నుంచీ ఉన్నదే. అయినా రాష్ట్రం రెండున్నర మెట్లు దిగితే నగరం మూడున్నర మెట్లు దిగింది, అదీ అన్ని వెసులుబాట్లు ఇచ్చిన పరీక్షలో. నెట్ అందరికన్నా బాగా ఉందనుకున్న ఊరు ఇది. ఆ తర్వాతి ఏడాది, 2023లో, సిలబస్ పూర్తిగా తిరిగొచ్చింది. రాష్ట్ర ఉత్తీర్ణత 86.60కి పడింది. తొమ్మిది, పది తరగతుల్లో చాలావరకు బడిలోనే ఉన్న పిల్లలు వీళ్లు, మరి ముందు బ్యాచ్‌కన్నా ఎందుకు తగ్గారు? ఎనిమిదో తరగతిని వాళ్లు దాదాపు పూర్తిగా తెర మీద చదివారన్నది ఒక కారణమై ఉండాలి. బీజగణితానికి, క్షేత్రగణితానికి పునాది పడే తరగతి అది. ముందు బ్యాచ్ పునాదిని 70 శాతం సిలబస్ కాచింది, వీళ్లకు ఆ గొడుగు లేదు.

దిద్దుబాటు కార్యక్రమాలు రాలేదని కాదు. ప్రైమరీ పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టి చేయడానికి 2022 ఆగస్టులో 'తొలిమెట్టు' వచ్చింది. హైస్కూలుకు, ఆరు నుంచి తొమ్మిది తరగతులకు, 'ఉన్నతి' వచ్చింది, 2023లో. ఆలోచన సరైనదే: పాఠం అయిందా అని అడక్కుండా, పిల్ల ఎక్కడుందో చూసి అక్కడి నుంచి మొదలుపెట్టడం. కానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి. 2020-21లో తొమ్మిది, పది చదివిన వాళ్లు 2023కల్లా ఇంటర్లో, ఆపైనా ఉన్నారు. ఎనిమిది వాళ్లు అప్పుడే టెన్త్ రాసి వెళ్లిపోయారు. ఏడు వాళ్లు టెన్త్‌లోకి వచ్చారు, 'ఉన్నతి' టెన్త్‌కు వర్తించదు. అయిదు తరగతుల్లో ఆ కార్యక్రమం అందుకోగలిగింది ఒక్క ఆరో తరగతిని, అదీ వాళ్లు తొమ్మిదికి చేరాక.

ప్రైవేటు బడుల్లో అదీ లేదు. అక్కడ మిగిలింది వాట్సాప్ గ్రూపు. హోంవర్క్ గ్రూపులోనే వస్తుంది కాబట్టి పిల్లలు డైరీ రాయడం మానేశారు, ఇల్లు చేరాక అమ్మ ఫోన్ చూసి చెబితేనే ఏం రాయాలో తెలుస్తుంది. వానకు సెలవిస్తే ఆన్‌లైన్ క్లాసు పెట్టేద్దామా అని అడగడం కొన్ని యాజమాన్యాలకు అలవాటైంది. నోటుబుక్కులు మాత్రం మళ్లీ స్టాఫ్‌రూం బల్ల మీదకు ఎక్కాయి, కట్టలు కట్టలుగా. వాటిని దిద్దడానికి టీచరుకు వారంలో ఎన్ని ఖాళీ పీరియడ్లు ఇస్తున్నారన్నది బడి నాణ్యతకు మంచి కొలమానం. ఏ బ్రోచర్‌లోనూ ఆ అంకె కనపడదు.

2020లో గడప తొక్కకుండానే హైస్కూలు పిల్లలైన ఆ ఆరో తరగతి వాళ్లు 2025 మార్చిలో టెన్త్ రాశారు. రాష్ట్ర ఉత్తీర్ణత 92.78 శాతం. 2019 నాటి 92.43ను దాటింది. 2019లో రాసింది పదకొండు పేపర్లు, 2025లో అంతకన్నా తక్కువ.